జెడ్ డ్రైవ్‌లోకి ఫైళ్లు మార్చాక తెల్లవారుజాము రీలోడ్ ఆగిపోయింది, చేత్తో నడిపితే మాత్రం పనిచేస్తోంది

జీడిపిక్కల_లెక్క (కాశీబుగ్గ) · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పలాస దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. కంప్యూటర్ల పని కూడా నా నెత్తినే పడింది. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీయడం ఆఫీసులో నాకొక్కడికే వచ్చు, అదే నా అర్హత.

సంగతేమిటంటే, పిక్కల బస్తా కాటా ఎక్కినప్పటి నుంచి పప్పు టిన్నులో పడేదాకా రోజూ మూడు ఫైళ్లు తయారవుతాయి. కాటా బరువుల సీఎస్‌వీ ఒకటి, తొక్క తీసే సెక్షన్ ఎక్సెల్ ఒకటి, గ్రేడింగ్ ఎక్సెల్ ఇంకొకటి (240, 320, బద్ద, ముక్క అన్నీ విడివిడిగా). తెల్లవారుజామున 5:30కి టాస్క్ షెడ్యూలర్ (విండోస్‌లో టైముకి పనులు నడిపేది) ఒక బ్యాచ్ ఫైల్‌ని (కమాండ్లు వరసగా రాసిన ఫైల్) లేపుతుంది, అది పైథాన్ స్క్రిప్ట్‌ని పిలుస్తుంది, స్క్రిప్ట్ ఈ మూడూ చదివి ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే ఉచిత డేటాబేస్‌లో పోస్తుంది. దీన్నే మేం రీలోడ్ అంటాం. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (టైముకి పనులు నడిపే భాగం) ఉండదు కాబట్టి టాస్క్ షెడ్యూలరే దిక్కు. ఆరున్నరకి ఓనరుగారు టీ తాగుతూ ఫోన్లో డాష్‌బోర్డ్ చూసుకుంటారు. రెండేళ్లుగా ఒక్కరోజూ ఆగలేదు.

పోయిన వారం హార్డ్ డిస్క్ కిర్రుమనడం మొదలెట్టింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఆఫీసు కంప్యూటర్ తడిసి పాత లెక్కలన్నీ పోయాయి. ఆ భయం ఓనరుగారికి ఇప్పటికీ ఉంది. మర్నాడే రెండు డిస్కుల నాస్ పెట్టె (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే డిస్క్) తెప్పించారు. ఆదివారం కూర్చుని ఫైళ్లన్నీ డి డ్రైవ్ నుంచి అందులోకి మార్చి, జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసి, స్క్రిప్ట్‌లో డి ఉన్నచోటల్లా జెడ్ పెట్టాను. బ్యాచ్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే చక్కగా నడిచింది. హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాను.

ఈరోజు పొద్దున్నే ఫోన్: "ఏటి, గోడౌన్‌లో సరుకు సున్నా చూపిస్తంది? రాత్రి ఎవడైనా ఎత్తుకుపోయాడేటి?"

టాస్క్ షెడ్యూలర్‌లో లాస్ట్ రన్ రిజల్ట్ 0ఎక్స్1 (ఫెయిలైందని) అని మాత్రమే ఉంది. చేత్తో నడిపితే మళ్లీ పనిచేసింది. టాస్క్ మీద రైట్ క్లిక్ కొట్టి రన్ అంటే ఫెయిల్. రేపు పొద్దున మళ్లీ సున్నా వస్తే నాకు టెన్షనే.

---

మూడులాంతర్లు (విజయనగరం) · సోమవారం, రాత్రి 10:05

టాస్క్ ప్రాపర్టీస్‌లో "రన్ వెదర్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ ఆర్ నాట్" పెట్టి ఉంటారు. అవునా?

జెడ్ డ్రైవ్ కంప్యూటర్‌ది కాదండీ, లాగిన్ అయిన మనిషిది. ఇంకా చెప్పాలంటే ఆ మనిషి ఆ పూట చేసిన లాగిన్‌ది. మీరు స్క్రీన్ ముందు కూర్చుని డబుల్ క్లిక్ చేస్తే అది మీ లాగిన్‌లో నడుస్తుంది, అందులో జెడ్ ఉంది. ఐదున్నరకి షెడ్యూలర్ మీ పేరుతోనే వేరే లాగిన్ తెరుస్తుంది, తెర లేకుండా వెనకాల. అందులో జెడ్ లేదు. తాళంచెవి మీ మొలతాడుకి కట్టుకుని ఇంట్లో పడుకుంటే, రాత్రి కాపలావాడికి గోడౌన్ తలుపు ఎలా తెరుచుకుంటుంది?

మా షాపుకి ఇలాంటి కేసు నెలకొకటి వస్తుంది. ఎప్పుడూ ఇదే మాట: "చేత్తో చేస్తే బాగుంది సార్".

---

సీతంపేట_కొండ · సోమవారం, రాత్రి 10:20

సింపుల్ అన్నా. టాస్క్‌ని సిస్టమ్ అకౌంట్ (విండోస్ తన పనులకి వాడుకునేది) మీద పెట్టెయ్. దానికి అన్ని పర్మిషన్లూ ఉంటాయి. నాస్‌లో కూడా ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చెయ్, గెస్ట్ (పాస్‌వర్డ్ లేకుండా రానివ్వడం) ఆన్ చెయ్. ఐపోద్ది.

---

నాగావళి_గట్టు (శ్రీకాకుళం) · సోమవారం, రాత్రి 10:48

పై సలహా పాటించకండి. తమ్ముడూ, తిడుతున్నానని అనుకోకు, నేనూ ఒకప్పుడు ఇదే చేసి దెబ్బతిన్నాను.

సిస్టమ్ అకౌంట్ ఆ కంప్యూటర్ లోపల రాజే. గేటు దాటితే ఎవరికీ తెలియదు. నెట్‌వర్క్ మీదికి అది కంప్యూటర్ పేరుతో వెళ్తుంది. డొమైన్ (అన్ని కంప్యూటర్ల అకౌంట్లూ ఒకేచోట ఉండే ఏర్పాటు) ఉన్న చోట ఆ పేరుకి పర్మిషన్ ఇచ్చుకోవచ్చు. వీళ్లది వర్క్‌గ్రూప్ (ఏ కంప్యూటర్ అకౌంట్లు దానివే) లాగుంది, నాస్‌కి ఆ పేరు ఎవరిదో తెలియదు. ఇక గెస్ట్ సంగతి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్ కూడా పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్‌ని మామూలుగా ఒప్పుకోదు. ఒప్పుకున్నా, ఫ్యాక్టరీ వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడూ జీతాల షీట్ చూస్తాడు.

జీడిపిక్కల_లెక్క గారూ, ఊహలు ఆపి ముందు లాగ్ తెచ్చుకుందాం. బ్యాచ్ ఫైల్‌లో మొదట రెండు లైన్లు చేర్చండి: ఒకటి హూయామ్‌ఐ (ఎవరి పేరుతో నడుస్తోందో చెబుతుంది), రెండోది నెట్ యూజ్ (ఏ నెట్‌వర్క్ డ్రైవ్‌లు ఉన్నాయో చెబుతుంది). ఈ రెండిటి చివరా, పైథాన్ లైన్ చివరా ఇది తగిలించండి:

>> సి:\లాగ్\రీలోడ్.టెక్స్ట్ 2>&1

ఆ చివర్న ఉన్న 2>&1 వదిలేస్తే ఎర్రర్లు ఫైల్‌లోకి రావు, అసలు కావలసింది అవే. తర్వాత టాస్క్‌ని షెడ్యూలర్ నుంచి నడిపి లాగ్‌లో ఏం పడిందో ఇక్కడ పెట్టండి.

ఇంకొకటి. ఫెయిలైతే నిన్నటి లెక్క కనపడాలి గానీ సున్నా ఎందుకొచ్చింది? మీ స్క్రిప్ట్ ముందే టేబుల్ ఖాళీ చేస్తోందా?

---

జీడిపిక్కల_లెక్క · సోమవారం, రాత్రి 11:30

లాగ్ వచ్చింది గురువుగారూ. మొదటి లైన్‌లో నా యూజర్ పేరే ఉంది. రెండోది "దేర్ ఆర్ నో ఎంట్రీస్ ఇన్ ద లిస్ట్". కింద పైథాన్ ఎర్రర్, జెడ్‌లో ఆ ఫైలే లేదంటోంది. మూడులాంతర్లు గారు చెప్పినట్టే, నా పేరుతోనే నడుస్తోంది, జెడ్ మాత్రం లేదు.

అవును, స్క్రిప్ట్ మొదటి పనే టేబుల్ ఖాళీ చేయడం. ఖాళీ చేశాక ఫైల్ కోసం వెళ్లి, దొరక్క చచ్చిపోతోంది.

---

బొబ్బిలి_వీణ · మంగళవారం, ఉదయం 7:15

ఇల్లు ఊడ్చి సామాను వీధిలో పెట్టేశాక కొత్త ఇంటి తాళం వెతుక్కోవడం లాంటిది అది. తప్పు పట్టడం లేదండీ, లోకల్ డిస్క్‌లో ఫైల్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రెండేళ్లు బయటపడలేదు. నెట్‌వర్క్ అన్నాక ఏదో ఒకరోజు అందదు.

ఇంకో టేబుల్ పెట్టుకోండి, స్టేజింగ్ అని పేరు పెట్టండి. ఫైళ్లు అందులో పోయండి. మూడు ఫైళ్లూ వచ్చాయా, వరసల సంఖ్య సున్నా కాదు కదా అని చూడండి. అప్పుడు మాత్రమే ఒకే ట్రాన్సాక్షన్‌లో పాతది తీసి కొత్తది పెట్టండి. మధ్యలో ఏది చెడ్డా పాత లెక్క అలాగే ఉంటుంది. డాష్‌బోర్డ్ పైన "చివరి రీలోడ్" తేదీ, టైము కనపడేలా పెట్టండి. పాత లెక్క అని తెలిస్తే ఓనరు అడుగుతారు అంతే, సున్నా చూస్తే పోలీసులకి ఫోన్ చేస్తారు.

---

మూడులాంతర్లు · మంగళవారం, ఉదయం 8:02

ఇప్పుడు మందు. స్క్రిప్ట్‌లో జెడ్ తీసేసి అసలు చిరునామా రాయండి: \\నాస్\లెక్కలు\ అని మొదలయ్యేది. యూఎన్‌సీ పాత్ అంటారు. దానికి డ్రైవ్ అక్షరంతో పనిలేదు, ఏ లాగిన్‌లోనైనా అదే అర్థం.

---

జీడిపిక్కల_లెక్క · మంగళవారం, రాత్రి 8:50

మార్చాను. ముందు ఒక గంట వేరే గొడవ. పాత్ సరిగ్గానే రాశాను, లాగ్‌లో మాత్రం అది రెండు ముక్కలై రెండు లైన్లలో కనిపించింది! మా ఫోల్డర్ పేరు ఎన్ అక్షరంతో మొదలవుతుంది. పైథాన్‌లో వెనక్కి వాలిన గీత పక్కన ఎన్ వస్తే కొత్త లైన్ అని అర్థమట. కొటేషన్ ముందు ఆర్ అక్షరం పెడితే కుదిరింది.

చేత్తో నడిపితే ఓకే. షెడ్యూలర్‌లో ఇప్పుడు ఎర్రర్ మారింది: యాక్సెస్ డినైడ్. పాత గుమ్మం దాటి కొత్త గుమ్మం దగ్గర ఆగినట్టుంది.

---

నాగావళి_గట్టు · మంగళవారం, రాత్రి 9:20

ఎర్రర్ మారిందంటే మంచిదే, దారి దొరికింది, ఇప్పుడు గుర్తింపు అడుగుతున్నారు. ఆ టాస్క్‌లో "డు నాట్ స్టోర్ పాస్‌వర్డ్" టిక్ ఉందా చూడండి.

---

జీడిపిక్కల_లెక్క · మంగళవారం, రాత్రి 9:31

ఉంది! నేను కంప్యూటర్‌లోకి నాలుగంకెల పిన్‌తో వెళ్తాను. టాస్క్ సేవ్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ అడిగితే పిన్ కొట్టాను, తీసుకోలేదు. ఆ టిక్ పెడితే అడగడం మానేసింది. రెండేళ్ల కిందటి మాట.

---

నాగావళి_గట్టు · మంగళవారం, రాత్రి 10:10

దొరికాడు దొంగ. ఆ టిక్ ఉంటే టాస్క్ మీ పేరుతో నడుస్తుంది గానీ మీ పాస్‌వర్డ్ చేతిలో లేకుండా నడుస్తుంది. లోకల్ ఫైళ్లు ముట్టుకోవచ్చు, అందుకే డి డ్రైవ్‌లో రెండేళ్లు ఢోకా లేదు. నెట్‌వర్క్‌లో అవతలివాడికి చూపించడానికి ఏమీ ఉండదు. పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే చెల్లుతుంది, షెడ్యూలర్ అడిగేది అకౌంట్ పాస్‌వర్డ్.

మీ సొంత అకౌంట్ వాడకండి. మీరు పాస్‌వర్డ్ మార్చిన మర్నాడు రీలోడ్ చస్తుంది. రీలోడ్ కోసమని విడిగా ఒక లోకల్ అకౌంట్ పెట్టండి, పొడవాటి పాస్‌వర్డ్‌తో. నాస్‌లో కూడా అదే పేరు, అక్షరం పొల్లుపోకుండా అదే పాస్‌వర్డ్‌తో యూజర్‌ని సృష్టించి, లెక్కల ఫోల్డర్ మీద చదివే హక్కు మాత్రం ఇవ్వండి. వర్క్‌గ్రూప్‌లో రెండు వైపులా పేరూ పాస్‌వర్డూ ఒకటైతే మళ్లీ అడగకుండా లోపలికి రానిస్తుంది. ఆ అకౌంట్‌కి "లాగాన్ ఆజ్ ఎ బ్యాచ్ జాబ్" హక్కు కూడా కావాలి: లోకల్ సెక్యూరిటీ పాలసీ, లోకల్ పాలసీస్, యూజర్ రైట్స్ అసైన్‌మెంట్. విండోస్ ప్రో ఉంటేనే ఆ కిటికీ కనపడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కూడా ఆ పేరుకి లాగిన్ ఇవ్వడం మర్చిపోకండి.

---

కొత్తగా_చేరా · మంగళవారం, రాత్రి 10:25

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. బ్యాచ్ ఫైల్ మొదట్లో నెట్ యూజ్‌తో జెడ్‌ని పాస్‌వర్డ్‌తో సహా మ్యాప్ చేసేస్తే ఇదంతా ఎందుకండీ? ఎక్కడో చదివాను.

---

మూడులాంతర్లు · మంగళవారం, రాత్రి 10:40

పనిచేస్తుందమ్మా/బాబూ (ఎవరో తెలియదు కదా). కానీ పాస్‌వర్డ్ బ్యాచ్ ఫైల్‌లో పచ్చిగా రాసి ఉంటుంది, నోట్‌ప్యాడ్ తెరిచినవాడికల్లా కనిపిస్తుంది. పైగా అదే లాగిన్‌లో అదే నాస్‌కి ఇంకో యూజర్ పేరుతో ముందే కనెక్షన్ ఉంటే ఎర్రర్ 1219 అని మొండికేస్తుంది. ఒక సర్వర్‌కి ఒక లాగిన్ నుంచి రెండు పేర్లతో వెళ్లనివ్వదు.

ఎనేబుల్ లింక్డ్ కనెక్షన్స్ అని రిజిస్ట్రీ చిట్కా కూడా తిరుగుతోంది, దాని జోలికి వెళ్లకండి. అది అడ్మిన్‌గా తెరిచిన విండోలో జెడ్ కనపడకపోవడానికి మందు, ఈ జబ్బుకి కాదు.

---

గోగునార (రాజాం) · బుధవారం, మధ్యాహ్నం 1:10

భోజనం చేస్తూ చదివాను. మా దగ్గర క్లిక్ సెన్స్ (రిపోర్టుల సాఫ్ట్‌వేర్) సర్వర్ ఉంది, కథ మాత్రం ఇదే. డెవలపర్ తన మెషీన్‌లో రీలోడ్ చేస్తే పచ్చగా వస్తుంది, సర్వర్ టాస్క్ ఎర్రగా పోతుంది. అక్కడ రీలోడ్ చేసేది క్లిక్ సర్వీస్ అకౌంట్, దానికి ఎవరి జెడ్డూ తెలియదు. డేటా కనెక్షన్‌లో ఫోల్డర్ పాత్‌ని యూఎన్‌సీకి మార్చాం. స్క్రిప్ట్‌లో కనెక్షన్ పేరే ఉంటుంది కాబట్టి స్క్రిప్ట్ ముట్టుకోలేదు.

కానీ మాకు ఇంకో తిరకాసు వచ్చింది. అదే ఫోల్డర్‌లో పది ఫైళ్లుంటే ఏడు చదువుతుంది, మూడు చదవదు! రెండు రోజులు జుట్టు పీక్కున్నాం. విండోస్ సర్వర్‌లో ఒకే డ్రైవ్ లోపల కట్ చేసి పేస్ట్ చేస్తే ఫైల్ తన పాత పర్మిషన్లు వెంటబెట్టుకుని వస్తుంది. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్‌వి తీసుకుంటుంది. ఆ మూడూ ఎవరో కట్ చేసి తెచ్చారు. ఇంకొకటి, షేర్ పర్మిషన్ వేరు, ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్ వేరు. నెట్‌వర్క్ నుంచి వస్తే రెండిట్లో ఏది బిగుతుగా ఉంటే అదే చెల్లుతుంది.

---

బొబ్బిలి_వీణ · బుధవారం, మధ్యాహ్నం 2:35

పవర్ బీఐ (మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్) వాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం: గేట్‌వే (మన ఫైళ్లని పైనున్న క్లౌడ్‌కి అందించేది) కూడా ఒక సర్వీసే, దానికీ జెడ్ కనపడదు. రిపోర్ట్‌లో రాసిన పాత్, గేట్‌వేలో డేటా సోర్స్‌గా పెట్టిన పాత్ ఒకటే కావాలి. ఒకచోట పేరు, ఇంకోచోట ఐపీ రాస్తే రెండూ ఒకే పెట్టె అని దానికి తోచదు. వరసగా నాలుగుసార్లు ఫెయిలైతే షెడ్యూల్‌నే ఆపేస్తుంది. పాత్ బాగుచేసి, షెడ్యూల్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయి ఇంకో రెండు రోజులు ఎదురుచూసిన మహానుభావురాలిని నేనే.

---

జీడిపిక్కల_లెక్క · బుధవారం, రాత్రి 11:15

కొత్త అకౌంట్ పెట్టాను. అన్నీ చెప్పినట్టే చేశాను. ఫెయిల్. లాగ్‌లో "పైథాన్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్". నిన్నటిదాకా ఉన్న పైథాన్ ఇవాళ ఎక్కడికి పోయింది?

---

నాగావళి_గట్టు · బుధవారం, రాత్రి 11:22

మీరు పైథాన్‌ని మీ ఒక్కరి కోసం ఇన్‌స్టాల్ చేశారు, మీ యూజర్ ఫోల్డర్ లోపల ఉంది. కొత్తవాడికి అది పరాయి ఇల్లు. తీసేసి, "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" అని మళ్లీ పెట్టండి, లైబ్రరీలు కూడా. బ్యాచ్‌లో పైథాన్ పూర్తి పాత్ రాయండి. స్క్రిప్ట్, బ్యాచ్ రెండూ సి డ్రైవ్‌లోనే ఉంచండి. కమాండ్ ప్రాంప్ట్ యూఎన్‌సీ ఫోల్డర్‌లో కూర్చోలేదు, విండోస్ ఫోల్డర్‌కి పారిపోతుంది.

---

జీడిపిక్కల_లెక్క · గురువారం, ఉదయం 6:40

5:34కి పూర్తయింది. మూడు ఫైళ్లూ వచ్చాయి. ఓనరుగారు ఫోన్ చేయలేదు. ఆయన ఫోన్ చేయకపోవడమే మాకు మెచ్చుకోలు.

---

జీడిపిక్కల_లెక్క · ఆదివారం, ఉదయం 10:00

మూడు రోజుల ముచ్చటే అయింది. నిన్న రాత్రి కరెంటు పోయి రెండింటికి వచ్చింది. పొద్దున రీలోడ్ లేదు, నెట్‌వర్క్ పాత్ దొరకలేదంటోంది. ఒప్పేసుకుంటున్నాను: పేరుతో ఒక్కోసారి పలకడం లేదని పాత్‌లో 192.168.1.20 అని నంబర్ రాశాను. కరెంటు వచ్చాక రౌటర్ నాస్‌కి 1.23 ఇచ్చింది. అదృష్టం, స్టేజింగ్ పెట్టాను కాబట్టి సున్నా రాలేదు, శనివారం లెక్క చూపించింది.

---

మూడులాంతర్లు · ఆదివారం, ఉదయం 10:30

రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని ఉంటుంది. నాస్ మ్యాక్ అడ్రస్‌కి (ఆ పెట్టె నెట్‌వర్క్ కార్డు గుర్తింపు) ఒక నంబర్ కట్టేయండి, ఎన్నిసార్లు కరెంటు పోయినా అదే వస్తుంది. మన దగ్గర ఇంకో మాట కూడా: కరెంటు రాగానే కంప్యూటర్ ముందు లేస్తుంది, నాస్ లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. స్క్రిప్ట్ మొదట్లో ఆ ఫోల్డర్ అందుతోందా అని చూసి, లేకపోతే నిమిషం ఆగి మళ్లీ చూడమనండి, ఒక పదిహేనుసార్లు. అప్పటికీ లేకపోతే ఎర్రర్ కోడ్‌తో బయటకి రావాలి. బ్యాచ్ చివరి లైన్ "ఎగ్జిట్ 0" అయితే లోపల ఏం తగలబడినా షెడ్యూలర్ సున్నా చూపించి అంతా బాగుందంటుంది.

---

కొత్తగా_చేరా · ఆదివారం, ఉదయం 11:05

అమ్మాయినే అండీ. మాకు ఒక్క ఎక్సెల్ మాత్రమే కొన్ని రోజులు రాదు, కొన్ని రోజులు వస్తుంది. అదీ పాత్ వల్లేనా?

---

గోగునార · ఆదివారం, మధ్యాహ్నం 12:20

కాదమ్మా. ఆ ఫోల్డర్‌లో అదే పేరుతో ముందు టిల్డె, డాలర్ గుర్తులున్న (~$) చిన్న ఫైల్ కనపడుతోందా? (దాచిన ఫైళ్లు చూపించమని పెట్టుకో.) ఉంటే ఎవరో ఎక్సెల్ తెరిచి వదిలేసి ఇంటికెళ్లారు. మా దగ్గర ప్రతి శుక్రవారం ఒకాయన చేసేవారు. స్క్రిప్ట్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ చదివేదైతే ఆ చిన్నదాన్ని కూడా మింగబోయి గొంతులో అడ్డుపడుతుంది, అలాంటి పేర్లు వదిలేయమని రాయాలి.

---

జీడిపిక్కల_లెక్క · ఆరు వారాల తర్వాత, గురువారం, ఉదయం 7:05

మళ్లీ నేనే. నెలన్నర గడియారంలా నడిచింది. ఇవాళ ఆగింది. విచిత్రం ఏమిటంటే లాగ్ ఫైల్‌లో ఇవాళ్టి తేదీయే లేదు, అంటే బ్యాచ్ మొదలే కాలేదు. షెడ్యూలర్‌లో 0ఎక్స్80070532. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, ఒట్టు.

---

నాగావళి_గట్టు · గురువారం, ఉదయం 7:30

ఆ కోడ్‌కి అర్థం పాస్‌వర్డ్ గడువు తీరిందని. అకౌంట్ పెట్టింది బుధవారం రాత్రి, నేటికి 42 రోజులు దాటాయి. విండోస్‌లో లోకల్ అకౌంట్ పాస్‌వర్డ్‌కి మామూలు గడువు 42 రోజులు. లోకల్ యూజర్స్‌లో ఆ అకౌంట్ తెరిచి "పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్" టిక్ పెట్టండి. ఇది ఆ రోజే చెప్పాల్సింది, నేను మర్చిపోయాను. మీ ఓనరుగారి తిట్లలో సగం నా ఖాతాలో రాసుకోండి.

---

జీడిపిక్కల_లెక్క · గురువారం, ఉదయం 8:10

టిక్ పెట్టి నడిపాను, వచ్చింది. తిట్లేమీ పడలేదు గురువుగారూ. డాష్‌బోర్డ్ పైన "చివరి రీలోడ్: బుధవారం 5:34" అని ఎర్రగా ఉంటే ఆయనే చూసి "ఇవాళ్టిది రాలేదేటి" అన్నారు, అంతే. ఇప్పుడు వచ్చిన లెక్కలో మాత్రం 320 గ్రేడ్‌లో ఒక టిన్ను తక్కువ ఉందంటున్నారు. ఫైల్ చూశాను, స్క్రిప్ట్ చూశాను, రెండూ ఒకటే చెబుతున్నాయి. గోడౌన్‌కి వెళ్లి టిన్నులు లెక్కపెట్టి వస్తాను.